తప్పు స్టాపులో దిగిన మనిషి

నా సర్వీసు రికార్డులో ఒకే ఒక్క మెమో ఉంది. ఎవరో ఫిర్యాదు చేస్తే వచ్చింది కాదది. నా చేత్తో నేను కాగితం రాసిచ్చి తెచ్చుకున్నది. రిటైరైన రోజున శాలువా కప్పి మాట్లాడిన పెద్దలెవరూ దాని ఊసెత్తలేదు. మర్యాద కోసం కాబోలు. కొత్తగా కండక్టర్లయిన అమ్మాయిలు ఇద్దరు ముగ్గురు అప్పుడప్పుడు కాశీబుగ్గలో మా ఇంటికి వస్తుంటారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో మరిచిపోలేని రోజేదని అడుగుతారు. తుపానులో బస్సు నడిపించిన కథ ఏదైనా చెబుతానని వాళ్ల ఆశ. అలాంటివీ ఉన్నాయి. కానీ నేను మెమో కథే చెబుతాను.

మాది పలాస నుంచి విశాఖపట్నం వెళ్లే తొలి సర్వీసు. తెల్లవారుతుండగా బయల్దేరి, టెక్కలి మీదుగా, పది కొట్టకముందే నగరం చేరాలి. మధ్యాహ్నం మళ్లీ వెనక్కి. మా ఉద్దానం ప్రాంతం అంటే బయటివాళ్లకి కొబ్బరి తోటలు, జీడి తోటలు. మా బస్సుకి మాత్రం ఊరూరా ఉన్న కిడ్నీ జబ్బు, దాని ఫైళ్లు. బస్సెక్కిన మనిషి చంకలో ప్లాస్టిక్ కవరు, అందులో లావుపాటి ఫైలు కనిపిస్తే ఎక్కడికని అడగక్కర్లేదు. ఆసుపత్రికి దగ్గర పడే స్టాపుకి టికెట్ కొట్టేయడమే. మామూలుగా డయాలసిస్ పలాసలోనే జరిగిపోతుంది. అక్కడ చక్కబడనిది ఏదైనా వస్తే నగరానికి రాసి పంపుతారు.

నా జత డ్రైవరుది టెక్కలి. నాకన్నా నాలుగేళ్లు పెద్ద. నేను అన్నా అనేదాన్ని, ఆయన చెల్లీ అనేవాడు. మాటలు తక్కువ. బస్సు గేరు మార్చినంత పొదుపుగా మాట్లాడేవాడు. ఆయన మౌనం మొదట్లో నాకు గర్వంలా కనిపించింది. ఆ రోజుతో ఆ అభిప్రాయం పోయింది.

ఆ రోజు కవిటి వైపు నుంచి వచ్చిన ఒక ముసలాయన ఒక్కడే ఎక్కాడు. కొబ్బరి రైతు. అరవై అయిదు దాటి ఉంటాయి. నెలకోసారి నగరంలో పరీక్షలకి భార్యతో కలిసి మా బస్సులో వెళ్లడం నాకు తెలుసు. ఆవిడ రాలేదేమని సైగ చేసి అడిగాను.

“జొరం. కీల్లు పట్టేసినాయి. లెగలేకపోతంది,” అన్నాడు. తర్వాత నా మొహంలోకి చూసి, “నాకు సరిగా ఇనబడదు తల్లీ. ఎప్పుడూ అదే సూసి దింపుతాది. ఇయేల నువ్వే సెప్పాల. ఆసుపత్రి కాడ దింపీ,” అన్నాడు.

అలాగేనన్నాను. అన్నానా లేదా అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. అన్నాను.

టెక్కలిలో పెళ్లివాళ్లు ఎక్కారు. బస్సు నిండిపోయింది. సీట్ల దగ్గర పేచీ. ఒకాయన నా మీద గొంతు లేపితే నేనూ లేపాను. పైగా టికెట్ మిషను కాగితం నలిగి ఆగిపోయింది. శ్రీకాకుళం దాటేసరికి నా బుర్ర వేడెక్కి ఉంది. మధ్యలో ముసలాయన రెండుసార్లు, “వచ్చిందా తల్లీ?” అని అడిగాడు. రెండుసార్లూ చేత్తోనే ‘ఇంకా రాలేద’న్నాను.

నగరంలోకి వచ్చాక రోడ్డు పనుల వల్ల బస్సుల్ని పక్క రోడ్డుకి మళ్లించారు. ఒకచోట బస్సు ఆగింది. ముందు వైపు నుంచి కొందరు దిగుతున్నారు. ముసలాయన మూడోసారి అడిగాడు. నేను మిషనులోంచి నలిగిన కాగితం లాగుతున్నాను. కిటికీలోంచి బయటికి చూడలేదు. తల ఎత్తలేదు.

“ఆఁ, ఆఁ. దిగు, దిగు,” అంటూ గుమ్మం వైపు చెయ్యి ఊపాను.

ఆయన దిగాడు. నేను విజిల్ వేశాను. బస్సు కదిలింది. ఆ స్టాపు నుంచి ఆసుపత్రి ఇంకా చాలా దూరం.

బస్ స్టేషన్‌లో అందరూ దిగిపోయాక సీట్ల కింద ఒకసారి చూసుకోవడం నాకు అలవాటు. మూడో సీటు కింద ఒక గుడ్డ సంచీ కనిపించింది. అందులో ఫైలు, మందులు, తువ్వాలు, బటన్ల ఫోను, పలాస డాక్టరు రాసిచ్చిన ఉత్తరం ఉన్నాయి. ఉత్తరం చదివాను. డయాలసిస్ కోసం చేతిలోని రక్తనాళాలు రెండింటిని కలిపి కుడతారు. దాన్ని ఫిస్టులా అంటారు. దాని మీద వేలు పెడితే లోపల రక్తం పరుగెత్తే సడి తెలుస్తుంది. ఆయన ఎడమ చేతిలో ఆ సడి బాగా తగ్గిపోయిందనీ, ఈ రోజే చూడాలనీ రాసి ఉంది. కింద గీత గీసి మరీ రాశారు.

ఉత్తరం మడిచి మళ్లీ ఫైల్లో పెట్టాను. అంతలో సంచీలోని ఫోను మోగింది. ఎత్తాను.

“సేరినావా?” అని అరిచింది అవతలి గొంతు. చెవిటి మొగుడితో మాట్లాడి మాట్లాడి అలవాటైన అరుపు.

“నేను కండక్టర్నమ్మా,” అన్నాను.

“ఓలమ్మ! నువ్వా తల్లీ! పక్కింటోల్ల ఫోనులోంచి సేత్తన్నాను. మా ముసిలోడు సేరినాడా?”

అప్పుడు నేను చేసిన పని మొదటి తప్పుకన్నా పెద్దది. మొదటిది చూసుకోక చేశాను. ఇది తెలిసి చేశాను.

“చేరాడమ్మా. డాక్టరు దగ్గరున్నాడు. ఫోను నాకిచ్చి లోపలికి వెళ్లాడు,” అన్నాను.

“నీ కడుపు సల్లగుండ,” అని దీవించి ఆవిడ పెట్టేసింది.

బస్ స్టేషన్‌లో ఉన్న ఒక ఉద్యోగికి సంగతి చెప్పాను. ఆయన మంచివాడే. “సంచీ ఇక్కడ అప్పగించేయమ్మా. ఆయనే వెతుక్కుంటూ వస్తాడు. ఇంత ఊళ్లో ఎక్కడని చూస్తావు?” అన్నాడు. ఆ మాట వినడానికి హాయిగా ఉంది. నిజం చెబుతున్నాను, ఒక నిమిషం పాటు సంచీ అక్కడ పెట్టేద్దామనే అనుకున్నాను.

డ్రైవరన్న అప్పుడే చేతులు కడుక్కుని వచ్చాడు. అంతా విన్నాడు. సంచీ తీసి తన భుజానికి వేసుకుని, “పద సెల్లీ,” అన్నాడు.

ఆటో కట్టించుకుని ఆ స్టాపుకి వెళ్లాం. పక్కన టీకొట్టువాడు తెల్లచొక్కా ముసలాయన్ని చూడలేదన్నాడు. మెకానిక్ షెడ్డువాళ్లూ చూడలేదు. ఎండ ముదురుతోంది. రోడ్డు వెంట పొడుగ్గా ప్రహరీ గోడ ఉంది. దాని మీద సినిమా పోస్టర్లు. ఆ గోడని నేను ఎన్ని వందలసార్లు చూసి ఉంటానో లెక్క లేదు. దాని అవతల మనుషులున్నారని ఎప్పుడూ తోచలేదు. డ్రైవరన్న ముందుకు నడిచి గోడలో ఒకచోట ఉన్న సందు కనిపెట్టాడు. లోపలికి మెట్లు దిగితే, మురుగు కాలువలా పారే గెడ్డ. గెడ్డ ఒడ్డున రేకుల ఇళ్ల వరస. ఇళ్ల ముందు గుట్టలు గుట్టలుగా కొబ్బరి బొండాల డొప్పలు.

బీచ్‌లో, రోడ్ల పక్కన మనం బొండం తాగి పారేసే డొప్పలన్నీ అక్కడికి చేరతాయట. వాటిని చీల్చి, ఎండబెట్టి, పొయ్యిల్లోకి అమ్ముతారు. నలుగురైదుగురు ఆడవాళ్లు కత్తులు పట్టుకుని డొప్పలు కొడుతున్నారు. ఖాకీ బట్టల్లో మమ్మల్ని చూసి కత్తులు ఆపారు.

“తెల్లచొక్కా వేసుకున్న ముసలాయన ఒకరు ఇటు వచ్చారా?” అని అడిగాను.

అందరిలోకి పెద్దావిడ లేచి నిలబడింది. “మీరేటవుతారు ఆయనకి?”

నేను జవాబు వెతుక్కుంటుండగానే పక్కనున్న మనిషి అందుకుంది. “వచ్చినాడు. ఈ డొప్పల గుట్ట సూసి, మనోల్లెవులో ఉన్నారనుకుని దిగొచ్చినాడట. కొబ్బరి తోటలోడట. సెమటలు కారిపోతన్నాయి. ఎంత అడిగినా ఇనబడదు. దాహంగున్నాడని నాను బొండం కొట్టి సేతికిచ్చీసినాను. తాగబోతే మాతో పనిసేసీ అక్కొకర్తి ఒచ్చి లాగీసినాది.”

“ఎందుకు?” అన్నాడు డ్రైవరన్న.

“సెయ్యి సూసినాది కదా. దాని మొగుడికీ అలాటి సెయ్యే. ఈ జబ్బోల్లకి బొండం ఇసమట. మాకు తెల్దు. సిన్న గళాసుతో కొలిసి నీల్లు పోసినాది. తల మీద తడిగుడ్డేసినాది. సేతి మీద ఏలెట్టి సూసి, సడి సన్నగున్నాది, కూకుంటే కాదు అనీసి, డొప్పల రిక్షా మీద కూకోబెట్టుకుని ఆసుపత్రికి తొక్కుకుపోనాది.”

“కాగితాలు లేకుండానా?” అన్నాను.

“కాగితాలెక్కడివి? సంచీ బస్సులో ఉండిపోనాదట,” అంది పెద్దావిడ. “ముసిలోడు, సెవుడు, పైగా రోగిష్టి. నానే తప్పు దిగిపోనానని ఆయనంటాడు గాని, ఇలాటోడిని దారిలో దించీసిన ఆ కండక్టరు ఎవులో! ఆడికి కల్లు నేవా? ఆడింట్లో ముసిలోల్లు నేరా?”

డ్రైవరన్న నా వైపు చూశాడు. ఆయన అడ్డు చెప్పబోతున్నాడని అర్థమైంది. ఆయన చేత అబద్ధం ఆడించడం నాకిష్టం లేకపోయింది. పొద్దుట్నుంచి నా వంతు నేను ఆడే ఉన్నాను.

“ఆడు కాదమ్మా. ఆ కండక్టర్ని నేనే,” అన్నాను.

తిడతారనుకున్నాను, తిట్టించుకోవడానికి సిద్ధంగానే ఉన్నాను. పెద్దావిడ నన్ను కిందనుంచి పైదాకా చూసింది. లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చింది.

“తాగు. మొగమంతా వాడిపోనాది. తాగీసి బేగి ఎల్లు. సంచీ లేకపోతే ఆసుపత్రోల్లు పేరైనా రాసుకోరు,” అంది.

ఆ నీళ్లు నేను తాగాను. ఆ చెంబు ఇప్పటికీ నా కళ్లకి కడుతుంది. మూతి దగ్గర చిన్న సొట్ట ఉంది.

ఆసుపత్రిలో జనం సంగతి మీకు చెప్పనక్కర్లేదు. రెండు అంతస్తులు వెతికాం. చివరికి ఒక వరండాలో, డాక్టరు గది తలుపు పక్కనే బల్ల మీద ముసలాయన కనిపించాడు. ఆయన ఎడమ చెయ్యి పక్కనున్న ఒక ఆడమనిషి ఒళ్లో ఉంది. ఆమెకి నలభై అయిదుంటాయి. చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కుంది. డొప్పల కసరు పట్టి వేళ్లు నల్లగా ఉన్నాయి. రెండు వేళ్లు ఆయన చేతి మీద ఆనించి, కళ్లు మూసుకుని కూర్చుంది. ప్రార్థన చేస్తోందేమో అనుకున్నాను. సడి వింటోంది.

కాగితాలు లేవని ఆమెని మొదట వెనక్కి పంపేశారట. ఆమె వెనక్కి వెళ్లలేదు. అటుగా పోతున్న నర్సమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, ముసలాయన చేతి మీద పెట్టించిందట. “పేరు తర్వాత రాసుకోండి, ముందు ఇది సూడండి,” అందట. నర్సమ్మ చూసి, వెంటనే ఇద్దర్నీ తీసుకొచ్చి ఆ తలుపు పక్కన కూర్చోబెట్టింది. పాత రిపోర్టులు దొరికితే వెంటనే చేస్తామన్నాడట డాక్టరు. మేము సంచీతో చేరేసరికి పలాస కేంద్రానికి ఫోను చేసే ప్రయత్నంలో ఉన్నారు.

ఫైలు లోపలికి వెళ్లింది. పావుగంటలో ముసలాయన్ని తీసుకెళ్లారు. వెళ్లేముందు ఆయన నన్ను చూసి చేతులు జోడించబోయాడు.

“సంచీ మరిసి తొందరపడి దిగిపోనాను తల్లీ. డూటీలో ఉన్నదానివి, నిన్ను ఇంత తిప్పినాను,” అన్నాడు.

నేను ఆయన చెవి దగ్గరికి వంగి, వరండా అంతా వినేలా, “తప్పు నాది తాతా! నేనే చూడకుండా దిగమన్నాను!” అని అరిచాను.

ఆయన నవ్వాడు. “ఇనబల్లేదు,” అని చెయ్యి ఊపి లోపలికి వెళ్లిపోయాడు.

నిజంగా వినబడలేదో, వినబడనట్టు ఊరుకున్నాడో నాకు ఈ రోజుకీ తెలియదు. వరండాలో మిగతా అందరికీ వినబడింది.

బల్ల మీద ఆమె పక్కన కూర్చున్నాను. “మీకు పని పోయింది ఇవాళ,” అన్నాను.

“డొప్పలెక్కడకి పోతాయి?” అందామె. తర్వాత తనే చెప్పింది. “మా ఆయనకి మూడేల్లు ఇదే జబ్బు. పొద్దున్న లేసి ముందు సెయ్యి సూసీదాన్ని. ఒక దినం సడి తగ్గిపోనాది. నాకు తెలిసినాది. పనికెల్లొచ్చి సూద్దారిలే అనుకున్నాను. సాయింత్రానికి ఆగిపోనాది. మెడలో గొట్టమేసినారు. దానికి సీము పట్టినాది. ఆ నెలే ఎల్లిపోనాడు.”

“మీరేం చేస్తారు, మీకేం తెలుసు?” అన్నాను.

“తెలుసు. అదే కదా సెప్తన్నాను,” అంది. గొంతులో కన్నీళ్లు లేవు. “నువ్వు ఎనక్కొచ్చినావు. నాను ఆ దినం పనికెల్లిపోనాను.”

నన్ను తిట్టడానికి లోకంలో ఎవరికైనా హక్కుంటే ఆమెకే ఉంది. ఆమె చేసింది నా తప్పుని తన తప్పు పక్కన పెట్టి చిన్నది చేయడం. దయ గురించి నేను చాలా ప్రసంగాలు విన్నాను. ఇంత ఖర్చు పెట్టి ఎవరూ దయ చూపగా చూడలేదు.

మధ్యాహ్నం డాక్టరు బయటికొచ్చాడు. సన్నటి గొట్టం పంపి అడ్డు తీశామనీ, చెయ్యి నిలబడిందనీ, సాయంత్రం దాటితే కష్టమయ్యేదనీ చెప్పాడు. రెండు రోజులు ఉంచుతామన్నాడు. ఆమె ముఖం మీద కొంగు కప్పుకుని, గోడవైపు తిరిగి ఏడ్చింది. పొద్దుట్నుంచి మొదటిసారి.

మా బస్సు టైమైపోతోంది. ముసలాయన దగ్గర ఎవరుంటారని నేను కంగారు పడుతుంటే, “నానుంటాను. మీరెల్లండి, బస్సునిండా జనముంటారు కదా,” అంది. డ్రైవరన్న ఆమె నంబరు నా చేత రాయించాడు. కిందికి దిగాక ఆయన ఆగి, వెనక్కి తిరిగి, ఆ వరండా వైపు చూస్తూ దణ్ణం పెట్టాడు. గుడికి వెళ్లినా బయటే నిలబడి చెప్పులు కాసే మనిషి.

ముసలాయన ఫోనులో చూసుకున్న పక్కింటివాళ్ల నంబరుకి ఫోను చేసి, రెండు రోజులు ఉంచుతారట, భయం లేదని ముసలావిడకి చెప్పమన్నాను. మిగతాది చెప్పడానికి నోరు రాలేదు.

మర్నాడు పొద్దున్న డిపోకి వెళ్లి జరిగింది జరిగినట్టు రాసిచ్చాను. మేనేజరు రెండుసార్లు చదివాడు.

“ప్రయాణికుడు ఫిర్యాదు ఇవ్వలేదు కదమ్మా?”

“ఇవ్వలేదు సార్. ఇవ్వడు కూడా. అందుకే నేను రాశాను.”

ఆయన నిట్టూర్చి కాగితం తీసుకున్నాడు. మెమో వచ్చింది. తోటివాళ్లు నవ్వారు. మెమో కోసం క్యూలో నిలబడ్డ కండక్టరు అని నెల్లాళ్లు పిలిచారు. మీకు నీతులు చెప్పే వయసు నాకు వచ్చింది గాని, నాకు ఆ అర్హత ఉందనుకోను. పిల్లలూ, ఒకటే చెబుతాను. ప్రయాణికుడు మూడోసారి అడిగినప్పుడు విసుగు వస్తుంది. అప్పుడే కిటికీలోంచి బయటికి చూడండి.

కాగితం ఇచ్చిన ఆ రోజు నాకు ఆఫ్. డిపో నుంచి అటే ఆటో ఎక్కి కవిటి వైపు ఆ ఊరికి వెళ్లాను. ముసలావిడ వాకిట్లో నులక మంచం మీద కూర్చుని ఉంది. మణికట్లు వాచి ఉన్నాయి. నన్ను చూసి లేవబోయింది. లేవనివ్వకుండా పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. తప్పు స్టాపులో దింపింది నేనేనని, ఫోనులో అబద్ధమాడానని, ఆ సమయానికి ఆయనెక్కడున్నాడో నాకే తెలియదని చెప్పాను. డొప్పల గుట్టలు, రిక్షా, అది తొక్కినామె భర్త సంగతి కూడా చెప్పాను.

అంతా అయ్యాక ఆవిడ తన వాచిన వేళ్ల వైపు చూసుకుంది. శాపనార్థాలు పెడుతుందని ఎదురుచూశాను.

“ఆ అమ్మ,” అంది చివరికి. “నిన్న పొద్దుట్నుంచీ ఈయన కాడే కూకున్నాది కదా. నిన్న అన్నం తిన్నాదా?”

నేను అడగలేదు. అంతసేపు పక్కన కూర్చున్నాను, నంబరు రాసుకున్నాను, దణ్ణం పెట్టిన మనిషిని చూశాను. తిన్నావా అని మాత్రం అడగలేదు.

నా ఫోను తీసి ఆ నంబరు కొట్టి, ఆవిడ చేతికిచ్చాను. మొగుడితో మాట్లాడే అలవాటు కొద్దీ ఆవిడ అరిచింది.

“అమ్మా! నిన్న అన్నం తిన్నావా?”

అవతలి గొంతు నాకూ వినబడింది. ముందు ఎవరని అడగలేదు. “తిన్నానమ్మా. నర్సమ్మ దాని కేరేజీలో సగం ఎట్టినాది. మీ ఆయన ఇప్పుడే ఇడ్లీ తిన్నాడు. నీకు జొరం తగ్గినాదా?”

“తగ్గతంది,” అంది ముసలావిడ. ఫోను రెండు చేతులతో చెవికి అదుముకుని, నా వైపు వీపు తిప్పి, గొంతు తగ్గించి మాట్లాడడం మొదలుపెట్టింది.